మొదటి సీఐ/సీడీ పైప్‌లైన్: కమిట్ నుంచి సర్వర్ దాకా

సీఐ/సీడీ (కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్, కంటిన్యూయస్ డిప్లాయ్‌మెంట్) చేసే పని మాటల్లో చెబితే చిన్నదే. ఎవరైనా కోడ్ పుష్ చేయగానే ఒక కొత్త మెషీన్ ఆ కోడ్‌ను తెచ్చుకుని, బిల్డ్ చేసి, టెస్టులు నడిపి ఫలితం చెప్పాలి. టెస్టులు దాటిన బిల్డ్‌ను, సరిగ్గా ఆ బిల్డ్‌నే, సర్వర్ మీదికి చేర్చాలి. మొదటి సగం ఇంటిగ్రేషన్, రెండో సగం డిప్లాయ్‌మెంట్. ఫైలు రాయడం ఒక పూట పని. కష్టమంతా, అన్నీ గెలిచాయని చెప్పే పచ్చ టిక్కును నమ్మదగినదిగా ఉంచడంలోనే ఉంది. టెస్టు ఫెయిలైనా పచ్చ టిక్కు పడిందని ఒక్కసారి తెలిశాక, జట్టులో ఎవరూ దాన్ని చూసి మెర్జ్ చేయడానికి ధైర్యం చేయరు. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి అడుగు దగ్గరా అది ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో కూడా చెబుతూ వెళ్తాం.

ఉదాహరణకు గిట్‌హబ్‌లో కోడ్ ఉన్న ఒక నోడ్ జేఎస్ వెబ్ యాప్, ఒకే ఒక లినక్స్ సర్వర్, పనిముట్టుగా గిట్‌హబ్ యాక్షన్స్ తీసుకుందాం. గిట్‌ల్యాబ్‌లోనో జెంకిన్స్‌లోనో అయితే ఫైలు రూపం మారుతుంది, క్రమం ఇదే. కమాండ్లు, సెట్టింగుల పేర్లను ఇక్కడ పలికే తీరులో రాశాం; ఫైల్లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ఫైలు రాయకముందు: ఖాళీ ఫోల్డర్ పరీక్ష

మీ కంప్యూటర్లోనే ఒక కొత్త ఫోల్డర్‌లోకి రిపోను తాజాగా క్లోన్ చేయండి. అందులో వరసగా నాలుగు కమాండ్లు నడపండి: డిపెండెన్సీల ఇన్‌స్టాల్, లింట్ (కోడ్ రాతలో తప్పులు పట్టేది), టెస్ట్, బిల్డ్. ప్రతి కమాండ్ తర్వాత దాని ఎగ్జిట్ కోడ్ చూడండి. సున్నా అయితే గెలిచినట్టు, మరే అంకె అయినా ఓడినట్టు. తెర మీద ఎన్ని ఎర్ర అక్షరాలు పడినా పైప్‌లైన్ చదివేది ఆ ఒక్క అంకెనే.

ఇక్కడే సగం సమస్యలు బయటపడతాయి. రిపోలో లేని ఎన్విరాన్‌మెంట్ ఫైలు, మీ మెషీన్‌లో ఎప్పుడో గ్లోబల్‌గా ఇన్‌స్టాల్ చేసి మరిచిపోయిన టూల్, వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే డేటాబేస్, కమిట్ చేయని లాక్ ఫైలు (డిపెండెన్సీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండేది). ఒక్కటి మాత్రం ఇక్కడ కనబడకపోవచ్చు. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ సాధారణంగా ఫైలు పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టింపు ఉండదు, లినక్స్‌లో ఉంటుంది. ఇంపోర్ట్ చేసిన పేరుకూ అసలు ఫైలు పేరుకూ ఒక్క అక్షరం సైజు తేడా ఉంటే మీ దగ్గర నడుస్తుంది, రన్నర్ (పైప్‌లైన్ నడిచే మెషీన్) మీద "మాడ్యూల్ దొరకలేదు" అని ఆగిపోతుంది.

నోడ్ వెర్షన్‌ను ఒక ఫైల్లో రాసి కమిట్ చేయండి. ఇన్‌స్టాల్‌కు "ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్" కాకుండా "ఎన్‌పీఎమ్ సీఐ" వాడండి. ఇది పాత మాడ్యూళ్ల ఫోల్డర్‌ను తుడిచేసి, లాక్ ఫైల్లో ఉన్న వెర్షన్లనే దించుతుంది. ప్యాకేజీ ఫైలుకూ లాక్ ఫైలుకూ పొంతన లేకపోతే సర్దుకుపోకుండా ఫెయిల్ అవుతుంది, మనకు కావాల్సింది అదే. టెస్ట్ కమాండ్ వాచ్ మోడ్‌లో లేకుండా చూసుకోండి; ఉంటే మార్పుల కోసం ఎదురుచూస్తూ ఎంతకీ ముగియదు.

మొదటి వర్క్‌ఫ్లో ఫైలు

రిపో మూలంలో చుక్కతో మొదలయ్యే గిట్‌హబ్ ఫోల్డర్, దానిలో వర్క్‌ఫ్లోస్ ఫోల్డర్, అందులో ఒక యామల్ ఫైలు. ఫోల్డర్ పేరు చివర బహువచనపు అక్షరం వదిలేస్తే ఎర్రర్ కూడా రాదు, అసలేమీ జరగదు. యామల్‌లో ఇండెంట్‌కు ట్యాబ్ పనికిరాదు. రెండేసి స్పేసులు ఇవ్వండి.

ఫైల్లో ఉండాల్సినవి ఈ క్రమంలో:

1. ట్రిగ్గర్: మెయిన్ బ్రాంచ్‌లోకి పుష్, ఇంకా ప్రతి పుల్ రిక్వెస్ట్. అన్ని బ్రాంచ్‌ల పుష్‌నూ పెడితే ఒకే కమిట్‌కు రెండేసి రన్‌లు నడుస్తాయి.
2. అనుమతులు: పర్మిషన్స్ కింద కంటెంట్స్‌కు "రీడ్" మాత్రమే. టెస్టులు నడపడానికి రిపోలో రాసే హక్కు అక్కర్లేదు.
3. కాంకరెన్సీ: ఒక బ్రాంచ్‌కు ఒక గ్రూపు; ఒక గ్రూపులో ఒకేసారి ఒకే రన్ నడుస్తుంది. పుల్ రిక్వెస్ట్ అయినప్పుడు మాత్రమే పాత రన్‌ను రద్దు చేయమని షరతు పెట్టండి. షరతు లేకుండా రద్దు పెడితే, మెయిన్‌లోకి వచ్చిన కొత్త పుష్ సగంలో ఉన్న డిప్లాయ్‌ను నరికేస్తుంది.
4. జాబ్: రన్నర్‌గా "ఉబుంటు-24.04" అని వెర్షన్‌తో సహా రాయండి. "లేటెస్ట్" అని రాస్తే అది ఏదో ఒక రోజు కొత్త వెర్షన్‌కు మారుతుంది, మీరు ఏ మార్పూ చేయకుండానే బిల్డ్ పడిపోతుంది.
5. టైమ్‌అవుట్: 10 నిమిషాలు. ఏమీ చెప్పకపోతే 360 నిమిషాలు. అంటే బిగుసుకుపోయిన ఒక టెస్టు ఆరు గంటలు నడుస్తూనే ఉంటుంది.
6. స్టెప్‌లు: చెకౌట్, నోడ్ సెటప్ (వెర్షన్‌ను ఫైలు నుంచే చదవమనండి, ఎన్‌పీఎమ్ క్యాష్ ఆన్ చేయండి), ఎన్‌పీఎమ్ సీఐ, లింట్, టెస్ట్, బిల్డ్.

భాషా వెర్షన్‌ను ఫైల్లోనే రాయాల్సి వస్తే కొటేషన్ గుర్తుల మధ్య రాయండి. యామల్ 3.10ని దశాంశ సంఖ్యగా చదివి 3.1 చేస్తుంది. పైథాన్ 3.10 అడిగినవాళ్లకు అక్కడ దొరకని 3.1 కోసం వెతికి ఎర్రర్ ఇస్తుంది.

ఒక జాబ్‌లోని స్టెప్‌లన్నీ ఒకే మెషీన్ మీద, ఒకే ఫోల్డర్‌లో నడుస్తాయి. వేరే జాబ్ అంటే వేరే మెషీన్. ముందు జాబ్‌లో తయారైన ఫోల్డర్ తర్వాతి జాబ్‌లో కనబడదు. పైగా జాబ్‌లు మామూలుగా ఒకేసారి మొదలవుతాయి. ఒకదాని తర్వాత ఒకటి నడవాలంటే "నీడ్స్" అని రాయాలి. మొదటి పైప్‌లైన్‌కు పరీక్షలూ బిల్డూ అన్నీ ఒకే జాబ్‌లో ఉంచడం మేలు. డిప్లాయ్ మాత్రం రెండో జాబ్.

చెకౌట్ కూడా మామూలుగా చివరి కమిట్‌ను మాత్రమే తెస్తుంది, చరిత్రా ట్యాగులూ రావు. ట్యాగు చూసి వెర్షన్ అంకె తయారుచేసే బిల్డ్ అయితే ఫెచ్ డెప్త్‌ను సున్నా చేయండి.

కావాలని పగలగొట్టి చూడండి

మొదటిసారి పచ్చ టిక్కు పడగానే ముందుకు పోకండి. కొత్త బ్రాంచ్‌లో ఒక టెస్టును తప్పుగా మార్చి పుల్ రిక్వెస్ట్ తెరవండి. ఎర్ర గుర్తు పడాలి. దాన్ని సరిచేసి లింట్ తప్పు ఒకటి, తర్వాత బిల్డ్ తప్పు ఒకటి పెట్టి చూడండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి పచ్చగా వచ్చినా మీ పైప్‌లైన్ ఇంకా తయారు కానట్టే.

ఆ తర్వాత రిపో సెట్టింగుల్లో మెయిన్ బ్రాంచ్‌కు రక్షణ పెట్టండి: నేరుగా పుష్ చేయకూడదు, ఈ జాబ్ గెలిస్తేనే మెర్జ్ కావాలి. ఆ నిబంధన జాబ్ పేరును పట్టుకుని ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా జాబ్ పేరు మారిస్తే, పాత పేరుతో ఫలితం వస్తుందని ఎదురుచూస్తూ పుల్ రిక్వెస్ట్‌లన్నీ నిలిచిపోతాయి. "డాక్యుమెంట్లు మారితే టెస్టులు వద్దు" అని పాత్ ఫిల్టర్ పెట్టినా ఇదే చిక్కు: వర్క్‌ఫ్లో నడవదు, ఫలితం రాదు, మెర్జ్ బటన్ తెరుచుకోదు.

పచ్చ టిక్కు అబద్ధం చెప్పే చోట్లు

అన్నిటికంటే దొంగది పైపు గుర్తు (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను మరో కమాండ్‌కు అందించేది). టెస్టుల అవుట్‌పుట్‌ను ఫైల్లో దాచుకోవాలని "టీ" కమాండ్‌కు పంపుతారు. షెల్ మామూలుగా పైపులో చివరి కమాండ్ ఎగ్జిట్ కోడ్‌నే చూస్తుంది. టెస్టులు ఓడినా టీ గెలుస్తుంది కాబట్టి స్టెప్ పచ్చగా మారుతుంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో షెల్ పేరు చెప్పకపోతే బ్యాష్ పైప్‌ఫెయిల్ (పైపులో ఏ కమాండ్ ఓడినా ఓటమిగా లెక్కవేసే సెట్టింగు) లేకుండా నడుస్తుంది. "షెల్: బ్యాష్" అని స్పష్టంగా రాస్తే పైప్‌ఫెయిల్‌తో నడుస్తుంది. ఫైలు పైభాగంలో డిఫాల్ట్స్ కింద ఈ ఒక్క మాట రాసేయండి.

ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా సర్వర్ మీద ఐదారు కమాండ్లు ఒకేసారి పంపినప్పుడూ ఇంతే. రెండోది ఓడినా చివరిది గెలిస్తే మొత్తం గెలిచినట్టే వస్తుంది. సర్వర్ మీది స్క్రిప్ట్ మొదటి వరసలో "సెట్ హైఫన్ ఇ" (ఏ కమాండ్ ఓడినా అక్కడే ఆగమనేది) ఉండాలి.

కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి వెబ్ అడ్రస్‌ను అడిగే టూల్) సైట్‌ను పలకరించి చూసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: సర్వర్ 500 అని జవాబిచ్చినా కర్ల్ దృష్టిలో జవాబు వచ్చింది, అంటే గెలుపు. "ఫెయిల్" ఆప్షన్ ఇస్తేనే అది ఓటమిగా లెక్కవేస్తుంది.

షరతు వల్ల దాటవేయబడిన జాబ్‌ను గిట్‌హబ్ గెలిచినట్టుగానే లెక్కిస్తుంది, అది తప్పనిసరి తనిఖీ అయినా సరే. షరతులో అక్షర దోషం ఉంటే టెస్టులు ఒక్కసారి కూడా నడవకుండానే మెర్జ్‌లు సాగిపోతాయి. అప్పుడప్పుడూ లాగ్ తెరిచి ఎన్ని టెస్టులు నడిచాయో చూడటం అలవాటు చేసుకోండి. నిన్నటి కంటే హఠాత్తుగా తగ్గితే ఏదో జరిగింది.

ఒకసారి గెలిచి ఒకసారి ఓడే టెస్టులు వేరే రకం జబ్బు. వాటికి ఆటోమేటిక్ రీట్రై పెట్టడం మాకు సమ్మతం కాదు. అసలు కారణాలు చాలావరకు నాలుగే: టైమ్ జోన్ (రన్నర్ గడియారం యూటీసీలో ఉంటుంది), టెస్టులు నడిచే క్రమం మీద ఆధారపడటం, రెండు టెస్టులు ఒకే పోర్టు పట్టుకోవడం, నిర్ణీత సెకన్లు నిద్రపోయి "ఈపాటికి అయిపోయుంటుంది" అనుకునే కోడ్. వెంటనే సరిచేయలేకపోతే ఆ టెస్టును తీసి పక్కన పెట్టి, దాని పేరుతో ఇష్యూ తెరవండి. ఉన్నట్టుండి ఎర్రబడే టెస్టు ఒక్కటి చాలు, "మళ్లీ నడుపు, పోతుందిలే" అన్న అలవాటు జట్టంతటికీ పాకడానికి.

డేటాబేస్ కావాల్సిన టెస్టులకు సర్వీస్ కంటెయినర్ (జాబ్ నడిచినంతసేపూ పక్కన నడిచే డేటాబేస్) పెట్టండి. ప్రొడక్షన్‌లో (జనం వాడే సర్వర్ మీద) ఉన్న వెర్షనే ఇక్కడా ఉండాలి. హెల్త్ చెక్ ఆప్షన్లు ఇవ్వకపోతే, పోస్ట్‌గ్రెస్ ఇంకా లేవకముందే టెస్టులు మొదలై "కనెక్షన్ నిరాకరించబడింది" అంటాయి.

వేగం గురించి ఒక్క మాట: పుష్ నుంచి ఫలితానికి పది నిమిషాలు దాటకూడదు. దాటితే ఎవరూ ఎదురుచూడరు. ముందుగా ఎన్‌పీఎమ్ క్యాష్, తర్వాత టెస్టులను రెండు మూడు జాబ్‌లుగా విడగొట్టడం. క్యాష్ ఎప్పుడైనా ఖాళీ కావచ్చు. అది లేకపోయినా బిల్డ్ నడవాలి, కాస్త ఆలస్యంగా.

ఒక్కసారే బిల్డ్ చేయండి

టెస్టు దాటిన తర్వాత సర్వర్ మీద మళ్లీ "గిట్ పుల్", మళ్లీ ఇన్‌స్టాల్, మళ్లీ బిల్డ్ చేయడం చాలా చోట్ల కనిపించే పద్ధతి. అలా చేస్తే మీరు పరీక్షించినది ఒకటి, జనం వాడేది మరొకటి. అదీగాక బిల్డ్ సర్వర్ మెమరీని మింగి, నడుస్తున్న యాప్‌నే పడగొట్టవచ్చు.

బిల్డ్ జాబ్ చివర డెవలప్‌మెంట్ డిపెండెన్సీలను తీసేసి, బిల్డ్ ఫోల్డర్, మాడ్యూళ్లు, ప్యాకేజీ ఫైలు కలిపి ఒక టార్ ఫైలుగా కట్టండి. పేరులో కమిట్ ఐడీ ఉండాలి. దాన్ని ఆర్టిఫాక్ట్‌గా (రన్‌తో పాటు గిట్‌హబ్ దాచిపెట్టే ఫైలు) అప్‌లోడ్ చేయండి. టార్ కట్టకుండా ఫోల్డర్‌నే అప్‌లోడ్ చేస్తే ఫైళ్ల ఎగ్జిక్యూట్ అనుమతులు పోతాయి, చుక్కతో మొదలయ్యే ఫైళ్లు రావు. ఆర్టిఫాక్ట్‌లు మామూలుగా 90 రోజులు ఉంటాయి; ఇక్కడ 14 రోజులు చాలు.

సీ భాషలో కంపైల్ అయ్యే మాడ్యూళ్లు మీ యాప్‌లో ఉంటే రన్నర్‌కూ సర్వర్‌కూ ప్రాసెసర్ రకం, లినక్స్ వెర్షన్ కలవాలి. ఇంటెల్ రకం రన్నర్ మీద కట్టినది ఆర్మ్ సర్వర్ మీద లేవదు. ఈ తలనొప్పి పెరిగితే డాకర్ వైపు వెళ్లండి. అప్పుడు ఇమేజ్ ట్యాగు "లేటెస్ట్" కాకుండా కమిట్ ఐడీ ఉండాలి.

తాళాలు

సర్వర్ మీద "డిప్లాయ్" అనే వేరే యూజర్‌ను సృష్టించండి. పాస్‌వర్డ్ లాగిన్ ఉండకూడదు. పైప్‌లైన్ కోసమే ఒక కొత్త ఈడీ25519 కీ జత తయారుచేయండి. మీ సొంత కీ ఇవ్వకండి. ఆ యూజర్‌కు సూడో హక్కు ఒకే ఒక్క కమాండ్‌కు: మీ యాప్ సర్వీసును సిస్టమ్‌సీటీఎల్‌తో రీస్టార్ట్ చేయడానికి.

ప్రైవేటు కీని రిపో సీక్రెట్‌గా (గిట్‌హబ్ దాచిపెట్టే రహస్య విలువ) కాకుండా "ప్రొడక్షన్" అనే ఎన్విరాన్‌మెంట్ సీక్రెట్‌గా పెట్టి, ఆ ఎన్విరాన్‌మెంట్‌ను మెయిన్ బ్రాంచ్‌కు మాత్రమే పరిమితం చేయండి. అప్పుడు వేరే బ్రాంచ్‌లో వర్క్‌ఫ్లో ఫైలును మార్చినా కీ చేతికి రాదు. కీని అతికించేటప్పుడు చివరి వరస తర్వాత ఒక ఖాళీ లైను ఉంచండి. అది తెగిపోతే ఎస్‌ఎస్‌హెచ్ "లిబ్‌క్రిప్టో"లో ఎర్రర్ అని చెబుతుంది, కారణం ఏమిటో మాత్రం ఆ మెసేజ్‌లో ఉండదు. రన్నర్ మీద ఆ ఫైలుకు అనుమతి 600 ఉండాలి.

సర్వర్ హోస్ట్ కీని (సర్వర్‌ను గుర్తుపట్టే కీ) ముందుగానే మీ మెషీన్ నుంచి తీసుకుని, సరిచూసుకుని, వేరియబుల్‌గా దాచి రన్నర్ మీద నోన్ హోస్ట్స్ ఫైల్లో రాయండి. హోస్ట్ తనిఖీని ఆపేయడమూ, ప్రతి రన్‌లో అప్పటికప్పుడు స్కాన్ చేసుకుని నమ్మడమూ రెండూ ఒకటే: అవతల ఉన్నది మీ సర్వరేనా అని ఎవరూ చూడటం లేదు.

సీక్రెట్ విలువ లాగ్‌లో పడితే గిట్‌హబ్ దాన్ని నక్షత్రాలతో కప్పుతుంది. కానీ దాన్ని బేస్64లోకి మార్చి ముద్రిస్తే కప్పదు. ఫోర్క్ (ఇతరులు తమ ఖాతాలోకి తీసుకున్న రిపో కాపీ) నుంచి వచ్చే పుల్ రిక్వెస్ట్‌లకు సీక్రెట్లు అందవు. ఇది అడ్డంకి కాదు, రక్షణ. దాన్ని దాటడానికి "పుల్ రిక్వెస్ట్ టార్గెట్" ట్రిగ్గర్ వాడి, ఫోర్క్ కోడ్‌ను చెకౌట్ చేసి నడిపితే ఊరూపేరూ లేనివాళ్లకు తాళాలు ఇచ్చినట్టే.

ఇతరులు రాసిన యాక్షన్లను ట్యాగుతో కాక పూర్తి కమిట్ హాష్‌తో పిలవండి. 2025 మార్చిలో "టీజే-యాక్షన్స్" వారి "చేంజ్డ్-ఫైల్స్" యాక్షన్‌లోకి చొరబడినవాళ్లు దాని పాత ట్యాగులనే చెడు కోడ్ వైపు తిప్పారు. ఆ ట్యాగులను నమ్ముకున్న రిపోల సీక్రెట్లు బిల్డ్ లాగ్‌లలోకి వచ్చిపడ్డాయి. ట్యాగును ఎటైనా తిప్పవచ్చు, కమిట్ హాష్‌ను తిప్పలేరు.

డిప్లాయ్ జాబ్

సర్వర్ మీద యాప్ ఫోల్డర్‌లో "రిలీజెస్" ఫోల్డర్, "షేర్డ్" ఫోల్డర్, "కరెంట్" అనే సింబాలిక్ లింకు ఉంటాయి. ప్రతి రిలీజ్ కమిట్ ఐడీ పేరుతో ఉన్న ఫోల్డర్. ఎన్విరాన్‌మెంట్ ఫైలు, యూజర్లు అప్‌లోడ్ చేసినవి షేర్డ్‌లో ఉండాలి. అప్‌లోడ్‌లు రిలీజ్ ఫోల్డర్‌లో ఉంటే తర్వాతి డిప్లాయ్‌తో కనబడకుండా పోతాయి.

డిప్లాయ్ జాబ్ బిల్డ్ జాబ్ గెలిచాకే, మెయిన్‌లోకి పుష్ అయినప్పుడే నడవాలి. దానికి సొంత కాంకరెన్సీ గ్రూపు పెట్టి, అందులో రద్దు ఆఫ్ చేయండి. జరిగేది ఇది:

1. ఆర్టిఫాక్ట్ దించుకుని ఎస్‌సీపీతో సర్వర్‌కు పంపడం.
2. కొత్త రిలీజ్ ఫోల్డర్‌లో విప్పడం. ఇంతవరకు నడుస్తున్న యాప్‌కు ఏమీ తెలియదు.
3. తాత్కాలిక పేరుతో కొత్త లింకు తయారుచేసి, "ఎమ్‌వీ" కమాండ్‌కు పెద్ద టీ ఆప్షన్ ఇచ్చి దాన్ని "కరెంట్" మీదికి మార్చడం. పాత లింకును తీసి కొత్తది పెట్టే పద్ధతిలో మధ్యలో ఏ లింకూ లేని క్షణం ఉంటుంది. ఇలా చేస్తే ఉండదు.
4. సర్వీసు రీస్టార్ట్. లింకు మారినంత మాత్రాన నడుస్తున్న ప్రాసెస్ కొత్త కోడ్ ఎత్తుకోదు.
5. హెల్త్ చెక్: రెండు సెకన్ల విరామంతో పదిహేను సార్ల వరకు అడగడం.
6. ఓడితే లింకును వెనక్కి తిప్పి, రీస్టార్ట్ చేసి, జాబ్‌ను ఎర్రగా ముగించడం. గెలిస్తే చివరి ఐదు రిలీజ్‌లు ఉంచి మిగతావి తీసేయడం. ఇది మరిస్తే కొన్ని నెలల్లో డిస్క్ నిండుతుంది.

హెల్త్ చెక్ పేజీ "ఓకే" అంటే సరిపోదు. అది నడుస్తున్న కమిట్ ఐడీని చెప్పాలి, స్క్రిప్ట్ దాన్ని తాను పంపిన ఐడీతో పోల్చాలి. లేకపోతే రీస్టార్ట్ జరగక పాత ప్రాసెసే జవాబిస్తున్నా పచ్చ టిక్కు పడుతుంది. పాత కోడ్ ఒక చోట మిగిలిపోతే ఏమవుతుందో 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ ట్రేడింగ్ సంస్థ విషయంలో లోకం చూసింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. అందులోని పాత కోడ్ మేల్కొని దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. ఆ కాపీ పని చేతితో జరిగింది, చేరిందో లేదో చూసే రెండో కన్ను లేదు.

ఒకే ప్రాసెస్ ఉన్న యాప్ రీస్టార్ట్‌లో ఒకటి రెండు సెకన్లు ఆగుతుంది. మొదటి పైప్‌లైన్‌కు దీన్ని ఒప్పుకోవచ్చు. కాకపోతే యాప్ సిగ్‌టెర్మ్ (ఆగమని చెప్పే) సిగ్నల్ అందుకుని చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగించి ఆగాలి. ఆగకపోతే సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) మామూలుగా 90 సెకన్లు చూసి బలవంతంగా చంపుతుంది, అంతసేపూ సైట్ ఉండకపోవచ్చు.

వెనక్కి వెళ్లే దారి

రోల్‌బ్యాక్‌ను మొదటి రోజే కట్టండి. చేతితో నొక్కి నడిపే రెండో వర్క్‌ఫ్లో, ఇన్‌పుట్‌గా ఒక కమిట్ ఐడీ. పైన చెప్పిన మూడు, నాలుగు, ఐదు అడుగులే అందులో ఉంటాయి. ఆ మూడింటినీ సర్వర్ మీద ఒకే స్క్రిప్ట్‌గా ఉంచి డిప్లాయ్, రోల్‌బ్యాక్ రెండూ దాన్నే పిలిచేలా చేస్తే, ప్రతి డిప్లాయ్‌తోనూ రోల్‌బ్యాక్ దారి కూడా పరీక్షకు నిలిచినట్టే. ఇన్‌పుట్ విలువను కమాండ్ వరసలో నేరుగా అతికించకండి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా పంపి, కొటేషన్ల మధ్య వాడండి. పుల్ రిక్వెస్ట్ శీర్షికలాంటి బయటివాళ్ల మాటలకూ ఇదే నియమం.

లింకు వెనక్కి తిరుగుతుంది, డేటాబేస్ తిరగదు. కాలమ్ పేరు మార్చే మైగ్రేషన్‌ను (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే స్క్రిప్ట్) కొత్త కోడ్‌తో కలిపి పంపితే రోల్‌బ్యాక్ నొక్కగానే పాత కోడ్ లేని కాలమ్‌ను వెతుకుతుంది. అందుకని దాన్ని వేర్వేరు డిప్లాయ్‌లుగా విడదీయండి. మొదటిదాంట్లో కొత్త కాలమ్ చేర్చి, కోడ్ రెండింటిలోనూ రాసేలా, పాతదాన్నే చదివేలా చేయాలి. తర్వాత పాత వరుసల విలువలను కొత్త కాలమ్‌లోకి నింపి, చదవడాన్ని కొత్తదానికి మార్చి మరో డిప్లాయ్. పాత కాలమ్‌లో రాయడం ఆపేది ఇంకో డిప్లాయ్‌లో. దాన్ని తొలగించే మైగ్రేషన్ అన్నిటికంటే చివర, సర్వర్ మీద దాచిన ఐదు రిలీజ్‌లలో ఏదీ ఆ కాలమ్‌ను ముట్టుకోదని తేలిన తర్వాతే వెళ్లాలి.